లోహితకు కాళ్ళు చల్లబడ్డాయట

తిరుపతిలో లాడ్జి నడిపేవాడికి మనుషుల ముఖాలకంటే ముందు పాదాలు కనిపిస్తాయి. నడకదారిన కొండెక్కి దిగివచ్చినవాళ్ళు గదికి పోయే ఓపిక లేక వరండాలోనే కూలబడతారు. అలాంటివాళ్ళ కోసం మునికుమార్ వాళ్ళ లాడ్జి వరండాలో ఒక పెద్ద తొట్టి ఉంటుంది. అందులో వేడినీళ్ళు, గుప్పెడు కల్లుప్పు. పైసా తీసుకోరు. సేలం నుంచి షోలాపూర్ దాకా ఆ తొట్టికి మంచి పేరుంది.

ఆ రోజు పొద్దున కూడా సేలం ఆడవాళ్ళు తొట్టి చుట్టూ చేరి, కాళ్ళు ముంచి, ప్రాణం లేచివచ్చినట్టు మొహాలు పెట్టారు.

"తంబీ, కాలు రొంబ వలి. ఇంకొంచెం సూడు నీళ్ళు పొయ్యప్పా," అని సగం అరవంలో, కాళ్ళ నొప్పికి మరికాస్త వేడినీళ్ళు అడిగిందొక పెద్దావిడ.

మునికుమార్ పొగలు కక్కే చెంబు ఒంచుతుండగా జేబులో ఫోను కూసింది. లోహిత మెసేజ్. ఆ పిల్లతో అతనికి పెళ్ళి కుదిరి మూడు నెలలైంది, పెళ్ళి ఇంకో పక్షం రోజుల్లో ఉంది. చెంబు పక్కన పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని మరీ తెరిచాడు.

"ముని, ఐ థింక్ ఐ యామ్ గెటింగ్ కోల్డ్ ఫీట్."

ఇందులో అర్థం కాని ముక్క ఒక్కటి కూడా లేదు. వచ్చిన చిక్కే అది. అర్థం కాకపోతే ఎవరినైనా అడిగేవాడు. కోల్డ్ అంటే చల్లన, ఫీట్ అంటే పాదాలు. పొద్దున లేస్తే తను చూసేవి అవే కదా. అరవం, కన్నడం, హిందీ, కాస్త మరాఠీ గడగడా మాట్లాడే మునికుమార్‌కు ఇంగ్లీషు మాత్రం చెక్ ఔట్ టైమూ, హాట్ వాటర్ టైమూ చెప్పేంత వరకే వచ్చు. కాబోయే భార్య చూస్తే చిత్తూరు డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్. అందుకని ఆమెకు ఏం రాయాలన్నా ముందు మూడు వాక్యాలు రాసి, తప్పులుంటాయేమోనని రెండు చెరిపేసి, మిగిలినదాన్ని సగం చేసి పంపుతాడు. ఇప్పుడూ అంతే చేశాడు.

"హాట్ వాటర్. సాల్ట్. టెన్ మినిట్స్."

కాస్త ఆగి, ఇది మరీ మొరటుగా ఉందేమో అనిపించి, "డోంట్ వాక్ బేర్ ఫుట్" అని కూడా చేర్చాడు.

చిత్తూరులో లోహిత ఆ జవాబు చూసి ఇడ్లీ ముక్క చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. రాత్రంతా పక్క మీద అటూ ఇటూ దొర్లి, తెల్లవారాక ధైర్యం తెచ్చుకుని రాసిన మాట అది. నాకు భయంగా ఉంది, ఈ పెళ్ళికి అడుగు పడటం లేదు అని ఒక మనిషి చెప్పుకుంటే, కాళ్ళు ఉప్పునీళ్ళలో పెట్టుకోమంటాడా? తమాషా చేస్తున్నాడా? ఆమెకు కోపం వచ్చింది. టకటకా కొట్టింది.

"ఐ యామ్ సీరియస్, ముని."

మన దగ్గర సీరియస్ అనే మాట ఎప్పుడు వాడతామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆస్పత్రి గుమ్మంలో డాక్టరు బయటికొచ్చి చెప్పే మాట అది. మునికుమార్ మొహంలో నెత్తురు లేదు.

"ఏం నాయనా, మొకం అట్ల పెట్టినావు?" అంది అవ్వ వరదమ్మ. ఆమె వరండాలో చిక్కుడుకాయలు వొలుస్తూ వచ్చేపోయే వాళ్ళందరినీ కనిపెట్టుకుని ఉంటుంది.

"లోహితకు కాళ్ళు చల్లబడినాయంట అవ్వా. సీరియస్ అంట."

వరదమ్మ చేతిలో చిక్కుడుకాయ జారిపోయింది. "కాళ్ళు సల్లబడినాక ఇంకేముండాది రా నాయనా. మీ తాతకు కూడా ముందు కాళ్ళే సల్లబడినాయి. పంకజా, ఓ పంకజా, ఇట్ల రా."

రిసెప్షన్ కుర్చీలోంచి పంకజాక్షి లేచి వచ్చింది. మునికుమార్ వాళ్ళ నాయన పోయాక ఆ లాడ్జిని నిలబెట్టిన మనిషి. గదులు లేవని చెప్పినా వచ్చినవాళ్ళు దండం పెట్టి పోయేలా చెప్పగలదు. అత్త ఏడుపు మొహం, కొడుకు తెల్లమొహం చూసి ఒక్క ముక్కలో సంగతి గ్రహించి నేరుగా చిత్తూరుకు ఫోన్ కలిపింది.

"వదినా, పాప ఎట్లుండాది?"

"బాగుండాది వదినా. ఇడ్లీ తింటా ఉండాది," అంది లోహిత వాళ్ళమ్మ రేవతి.

"దాయొద్దు వదినా. మాకు అంతా తెలిసిపోయినాది."

పెళ్ళి దగ్గర పడ్డాక మగపెళ్ళివాళ్ళు ఫోన్ చేసి అంతా తెలిసిపోయిందంటే ఏ తల్లికైనా కాళ్ళూ చేతులూ ఆడతాయా? రేవతి చేతిలోని చట్నీ గిన్నె లోహిత ముందు పెట్టేసింది. "ఏం... ఏం తెలిసినాది వదినా?"

"పాపకు కాళ్ళు సల్లబడినాయంట కదా. మా వాడికి మెసేజ్ పెట్టినాది. సీరియస్ అని కూడా పెట్టినాది."

రేవతి ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కూతురి పాదం పట్టుకుంది. బల్ల కింద హఠాత్తుగా ఎవరో కాలు పట్టుకునేసరికి లోహిత కెవ్వుమనబోయి ఆగింది.

"వెచ్చంగానే ఉండాయి వదినా."

"రెండోది చూసినారా?"

రెండోది కూడా చూశారు. లోహితకు అప్పుడర్థమైంది జరిగిందేమిటో. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలు సంగతి ఇద్దరు తల్లుల మధ్య చెప్పగలిగేది కాదు. "రాత్రి కొంచెం అట్ల అనిపించినాది మా. ఇప్పుడేం లేదు," అంది.

"అనిపించేదేంది మే, కాళ్ళు చల్లబడేది అనిపిస్తాదా? ఈ పూట కాలేజీ వొద్దు, ఏం వొద్దు," అని రేవతి నువ్వుల నూనె వెచ్చబెట్టడానికి వంటింట్లోకి పోయింది.

ఆ సరికి మునికుమార్ తిరుపతి గాంధీ రోడ్డులో ఉన్నాడు.

"ఉన్ని సాక్సులు ఉండాయా?"

బట్టల కొట్టు ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు. "తిరప్తిలో ఉన్ని సాక్సు అడిగిన మొదటి మనిషివి నువ్వేనప్పా. ఎవురికి?"

"మా ఇంట్లోవాళ్ళకు," అన్నాడు మునికుమార్. అన్నాక ఆ మాట తనకే కొత్తగా వినిపించి చెవులు ఎర్రబడ్డాయి.

ఉన్ని సాక్సులు దొరకలేదు. కొండ మీద చలికి పిల్లలకని కొనేవి మాత్రం దొరికాయి. వాటి మీద కుందేలు బొమ్మలున్నాయి. అవే కొన్నాడు. అమ్మ ఫ్లాస్కులో పోసిచ్చిన మిరియాల కషాయం, పొట్లంలో కల్లుప్పు, కుందేళ్ళ సాక్సులు సంచిలో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాడు. దారంతా కండక్టరు ఏదడిగినా రెండోసారి అడగాల్సి వచ్చింది.

చిత్తూరులో దిగేసరికి సన్నగా చినుకులు. లోహిత వాళ్ళ నాయన బాలసుబ్రమణ్యం బెల్లం మండీ కట్టేసి ఇంటికొచ్చి వాకిట్లోనే పచార్లు చేస్తున్నాడు.

"రా అల్లుడూ. ఏంది ఇదంతా? కాళ్ళు చూస్తే బాగానే ఉండాయి, మనిషి చూస్తే పలకదు."

"వేడినీళ్ళు కాచండి మామా. నేను చూస్తా," అన్నాడు మునికుమార్, ఏదో పెద్ద డాక్టర్‌లాగా.

బాలసుబ్రమణ్యం ఆ అబ్బాయి కళ్ళలోని కంగారు చూసి మనసులో చాలా సంతోషించాడు. పెళ్ళి కాకముందే ఇంత ప్రేమ ఉన్న అల్లుడు ఎవరికి దొరుకుతాడు అనుకున్నాడు.

వెనక వసారాలో లోహితను కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు బేసిన్. మునికుమార్ ఉప్పు వేసి, నీళ్ళలో వేలు పెట్టి వేడి చూసి, "పెట్టండి" అన్నాడు. వాళ్ళమ్మ చూస్తోంది కాబట్టి లోహిత కాళ్ళు పెట్టింది. వసారా అంచున వాన చుక్కలు చుక్కలుగా పడుతోంది.

"మీ కాళ్ళు చల్లగా లేవే," అన్నాడు అతను తల ఎత్తకుండా.

రేవతి కాఫీ తెస్తానని లోపలికి పోయింది. లోహిత గొంతు తగ్గించింది. "మునీ, మీకు నిజంగానే తెలీదా?"

"ఏంది?"

"కోల్డ్ ఫీట్ అంటే."

"చల్లని కాళ్ళు."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు మొదలుపెట్టింది గాని మధ్యలో అది ఎటో తిరిగి కళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మునికుమార్ ఆ సరికే సంచిలోంచి కుందేళ్ళ సాక్సులు తీసి చేతిలో పట్టుకున్నాడు. వాటిని చూసేసరికి ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

"అది ఒక ఇడియమ్. మాటకు మాట అర్థం చెప్పుకోకూడదు. ఏదైనా పెద్ద పని... పెళ్ళిలాంటిది... దగ్గరకొచ్చినాక భయమేసి వెనక్కి తగ్గాలనిపిస్తుంది చూడండి, దానికి అంటారు. కాలు ముందుకు పడకపోవడం."

మునికుమార్ సాక్సులు మళ్ళీ సంచిలో పెట్టేశాడు.

"కాలు ముందుకు పడటం లేదు అని రాసుంటే నాకు తెలిసేది కదా," అన్నాడు మెల్లగా.

"తెలుగులో రాయలేకపోయినాను. రాస్తే నిజమైపోతుందని భయమేసింది."

"అంటే నేనొద్దా నీకు?"

అతను నువ్వు అనడం అదే మొదలు. ఇద్దరూ గమనించలేదు.

"అట్ల కాదు. మీరు మంచివాళ్ళు. అందరూ అంటా ఉండారు, నాకూ తెలుసు. కానీ మీరెవరో నాకు తెలీదు మునీ. మూడు నెల్లుగా మాట్లాడుకుంటా ఉండాం. ఓకే. ఫైన్. ఫుడ్ అయిందా. గుడ్ నైట్. ఇవి తప్ప మీరు నాకు ఏం రాసినారు? నేను పేజీలు పేజీలు రాస్తే మీనుంచి ఓకే అని వస్తుంది. నా గురించి ఒక్క మాటన్నా అడిగినారా?"

అతను ఫోను పైకి తీసి, దాన్ని పక్కన పెట్టేసి, నోటితోనే చెప్పాడు.

"నువ్వు లెక్చరర్‌వి. నేను రాసిన ఇంగ్లీషు చూసి నవ్వుతావని భయం. ఒక్కో దినం అర్ధగంట రాస్తా. అంతా చెరిపేసి ఓకే అని పెడతా. తప్పు లేని మాట అదొక్కటే కదా నాకు తెలిసింది."

లోహిత అతని వంక చూసింది. మూడు నెలల ఓకేల వెనక ఏముందో ఇన్నాళ్ళకు తెలిసింది. కానీ ఆమె భయం అదొక్కటే కాదు, అది కూడా చెప్పెయ్యాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"తాంబూలాలప్పుడు మీ అమ్మ ఒక మాటన్నారు. ఇంకేం, మా రిసెప్షన్ కుర్చీలోకి ఇంగ్లీషు మాట్లాడే మేడమ్ వస్తా ఉండాది అని. అందరూ నవ్వినారు. మీరూ నవ్వినారు."

"అది తమాషాకు..."

"కావచ్చు. నాకు పాఠం చెప్పడమంటే ప్రాణం మునీ. మా పిల్లలు పల్లెల నుంచి వస్తారు, ఇంగ్లీషంటే వణికిపోతా వస్తారు, సంవత్సరం తిరిగేసరికి లేచి నిలబడి మాట్లాడతారు. అది చూసేదానికే నేను పొద్దున్నే లేస్తాను. అది వదిలేసి గది తాళాలిచ్చుకుంటా కూర్చోవాలా? వద్దని చెప్పేదానికి మీ ఇంట్లో నాకు మనిషెవరున్నారు? మీరు నవ్వినారు కదా."

మునికుమార్‌కు తాంబూలాల పూట గుర్తొచ్చింది. నిజంగానే నవ్వాడు. ఆ రోజు ఆమె మొహం వైపు చూడను కూడా లేదు. సిగ్గుతో తల వంచుకుని అందరితోపాటు నవ్వాడు.

"తప్పు చేసినా," అన్నాడు. "ఇప్పుడు అడగతా. నీకేం కావాల?"

ఇంత సూటిగా అడుగుతాడనుకోలేదు ఆమె.

"ఇప్పుడే చెప్పలేను. ఒక్క రోజు ఇవ్వండి."

"ఇస్తా. ఒకటి మాత్రం విను. నీకు వద్దనిపిస్తే నాకు చెప్పు చాలు. వద్దన్నది నేనేనని మీ నాయనకు నేనే చెప్తా. పెళ్ళి పత్రికలు పంచినాక ఆడపిల్ల వద్దన్నాదంటే ఊరు ఊరుకోదు. నన్నైతే నాలుగు రోజులు తిట్టి మర్చిపోతారు."

"మిమ్మల్ని మాత్రం ఊరికే వదులుతారా?"

"లాడ్జి వాడిని. రోజూ తిట్లు తింటానే ఉంటా, నీళ్ళు రాలేదని, ఫ్యాన్ తిరగలేదని. ఇదొకటి కలుస్తాది."

రేవతి కాఫీ తెచ్చేసరికి కూతురు బేసిన్‌లోంచి కాళ్ళు తీసి తుడుచుకుంటోంది, కాబోయే అల్లుడు లేచి నిలబడ్డాడు. కాఫీ నిలబడే తాగాడు. వాకిట్లో బాలసుబ్రమణ్యం ఆపాడు.

"ఎట్లుండాయి అల్లుడూ కాళ్ళు?"

"బాగుండాయి మామా. కొంచెం టైమియ్యాల, అంతే."

"ఎన్ని దినాలైనా తీసుకోనీ. నడవాల్సిన పిల్ల," అన్నాడు బాలసుబ్రమణ్యం. తను ఎంత పెద్ద మాటన్నాడో ఆయనకు తెలియదు. మునికుమార్ వానలోనే బస్టాండుకు నడిచాడు.

తిరుపతి చేరేసరికి పంకజాక్షి గుమ్మంలోనే ఎదురొచ్చింది. "పాపకు ఎట్లుండాది?"

"పాపకేం కాలేదమ్మా. మనకే సరిగా అర్థం కాలేదు."

తల్లిని లోపలికి తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. పంకజాక్షి మొదట నోరు వెళ్ళబెట్టింది, తర్వాత కుర్చీ మాట దగ్గర మొహం మాడ్చుకుంది.

"నేనేం అనరాని మాటన్నానని? ఆ కుర్చీలో నేను కూసోలేదా?"

"కూసున్నావమ్మా, కాదనలేదు."

"ఆ కుర్చీ సంగతి నీకేం తెలుసు రా. పెళ్ళై వచ్చినాక నేను వంటింట్లోనే ఉండేదాన్ని. ఈ ఇంట్లో నాకొక పేరుండాదని కూడా ఎవురికీ తెలీదు. మీ నాయన ఒక దినం చెయ్యి పట్టుకొచ్చి ఆ కుర్చీలో కూసోబెట్టినాడు. ఆ దినం నుంచి పంకజమ్మనైనా. నాకుండేది అదొక్కటే. అది నా కోడలికి ఇద్దామనుకుంటే తప్పా?"

మునికుమార్ తల్లి వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఆ మాట ఆమె ఒక్కసారి కూడా చెప్పలేదు. అడిగినవాడు కూడా లేడు.

"తప్పు కాదమ్మా. కానీ ఆయమ్మికి అట్లాంటి కుర్చీ ఒకటి ముందే ఉండాది. చిత్తూరులో. కష్టపడి తెచ్చుకున్నాది."

పంకజాక్షి నడుమున ఉన్న తాళాలగుత్తి తీసి, మళ్ళీ దోపుకుంది. చివరికి, "పెళ్ళి ఉన్నట్టా, లేనట్టా?" అంది.

"తెలీదు. తనే చెప్తాది. లేదంటే వద్దన్నది నేనే. నువ్వు ఆడికి ఫోన్ చేసి ఒక్క మాట కూడా అనకూడదు."

"ఊరంతా నిన్ను ఉమ్మేస్తారు రా."

"ఉమ్మనీలే మా," అన్నాడు. అన్నాడే గాని ఆ రాత్రి కంచం ముందు నుంచి అన్నం ముట్టకుండా లేచాడు. పంకజాక్షి అది చూసింది.

మర్నాడు సాయంత్రం, చిత్తూరు బస్సు దిగిన ఒక అమ్మాయి ఆటో మాట్లాడుకుని లాడ్జి ముందు దిగింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, వేళ్ళకు ఇంకా సుద్దముక్క పొడి ఉంది. పెళ్ళికూతురు పెళ్ళికి ముందు ఒంటరిగా అత్తింటి గడప తొక్కడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. వరండాలో వరదమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"మా అమ్మతో చెప్పే వచ్చినాను అవ్వా," అంది లోహిత, ఆమె అడగకముందే.

లోపల రిసెప్షన్ బల్ల వెనక పంకజాక్షి కళ్ళజోడు పైనుంచి చూసింది. కూర్చోమనలేదు. లేచి రాలేదు. లోహిత చెప్పాలనుకుని వచ్చిన మాటలన్నీ బస్సులోనే దిగకుండా ఉండిపోయినట్టున్నాయి.

"సూడు పాపా," అంది పంకజాక్షి. "నీకొక మాట ముందే చెప్తా ఉండా. ఈ కుర్చీ నాది. నేను బతికుండంగా ఎవురికీ ఇయ్యను. నువ్వు అడిగినా ఇయ్యను."

లోహితకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ మాటలో గర్వమూ ఉంది, కొంచెం బాధా ఉంది, అన్నిటికీ మించి తనకోసం వదులుకున్నదేదో ఉంది.

"సరే అత్తా," అంది.

పంకజాక్షి కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచింది. అవసరం లేకపోయినా చాలాసేపు తుడిచింది. "అత్తా అంటివి. విన్నారా మీరు," అంది వరదమ్మ వైపు తిరిగి. "వాడు మిద్దె మీద ఉండాడు. నిన్నటి నుంచి వాడి మొకం చూల్లేక పోతా ఉండా. పో."

మిద్దె మీద తీగల నిండా లాడ్జి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. కొండ వైపు నుంచి మబ్బు దిగివస్తోంది. మునికుమార్ ఒక్కడే గబగబా దుప్పట్లు లాగి భుజాన వేసుకుంటున్నాడు. ఒక దుప్పటి అవతలి కొస ఎవరో పట్టుకున్నట్టనిపించి లాగాడు. అది రాలేదు. తొంగి చూశాడు.

లోహిత.

"మడత పెట్టాల్నా, ఊరికే లాక్కోవాల్నా?" అంది.

దుప్పటి రెండు కొసలు అతనివి, రెండు కొసలు ఆమెవి. ఒకరివైపు ఒకరు నడిచి మడత వేశారు, మళ్ళీ దూరం జరిగారు.

"ఏమని చెప్పమంటావు మామకు?" అన్నాడు, నేల చూస్తూ. "రాత్రంతా అనుకున్నా. బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలినాది, మనసు మారినాదని చెప్దామా అని కూడా చూసినా. నమ్మరేమో."

"అంత అబద్ధం మీకు రాదు."

"నేర్చుకుంటా."

"వద్దు. నిన్న నన్ను ఒకటి అడిగినావు కదా, నీకేం కావాల అని. జవాబు తెచ్చినా."

మునికుమార్ చేతిలోని దుప్పటి గట్టిగా పట్టుకున్నాడు.

"ఉద్యోగం మాననంతే. ఈ సంవత్సరం అయ్యేదాకా చిత్తూరుకు బస్సులో పోయివస్తా. తర్వాత ఈడ ఏదన్నా కాలేజీలో చూసుకుంటా. అలిసిపోయి వచ్చిన రోజు వంట చెయ్యను. నువ్వు చెయ్యాల."

"చేస్తా. ఇంకా?"

"నాకు మెసేజ్ పెడితే తెలుగులో పెట్టాల. చెరపకూడదు. తప్పులుంటే ఉండనీ."

"సరే. ఇంకా?"

"ఇంకా ఏముండాది." ఆమె గొంతు తగ్గింది. "నిన్న నువ్వు పోయినాక మా వసారాలో చాలాసేపు కూర్చున్నా. వద్దన్నది నేనేనని చెప్తానన్నావే, ఆ మాట గురించే. నాకోసం నీ పేరు చెడగొట్టుకుంటానన్న మనిషిని నేనెక్కడ వెతుక్కోవాల? నాకు నువ్వు కావాల మునీ. ఇది ఇడియమ్ కాదు, ఉన్నదున్నట్టే అర్థం చేసుకో."

చినుకు పడింది. మునికుమార్‌కు ఏం చెయ్యాలో తోచక మడతపెట్టిన దుప్పటి తీసి ఆమె తల మీద కప్పాడు. ఆ తర్వాత తోచింది, తనూ దాని కిందికి వచ్చాడు.

"భయం పోయినాదా?" అన్నాడు.

"పోలేదు. అట్లనే ఉండాది. భయపడతానే వస్తా."

అతను ఎప్పటిలాగే మూడు మాటలు అనుకుని రెండు మింగేయబోయాడు. మింగలేదు.

"నాకూ భయమే లోహితా. నువ్వు లేకుండా ఉండాల్సి వస్తాదేమోనని నిన్నంతా చచ్చిపోయినా. మా అమ్మకు చెప్పలేదు, ఎవురికీ చెప్పలేదు. నువ్వంటే నాకు అంత ఇష్టం. మొదటి దినం నుంచే."

"మొదటి దినం నుంచా? అప్పుడు నాతో ఏమన్నావో గుర్తుండాదా? మంచినీళ్ళు తాగుతారా అన్నావు."

"ఇష్టమని చెప్పింది ఆ మాటతోనే," అన్నాడు మునికుమార్.

వాన జోరందుకుంది. తీగల మీద మిగిలిన దుప్పట్లన్నీ తడుస్తున్నాయి. కింద నుంచి పంకజాక్షి ఒకసారి పిలిచింది. వరదమ్మ ఆమెను, "ఉండనీ లేవే, దుప్పట్లు రేపు ఉతకొచ్చు," అని వారించింది.